ఏరియా అట్రిబ్యూట్లు తర్వాత, ముందు మౌస్ తీసి పక్కన పెట్టండి

"వెబ్ యాప్ ఎప్పుడో పూర్తయింది, ఇప్పుడు క్లయింట్ యాక్సెసిబిలిటీ (వైకల్యం ఉన్నవాళ్లూ వాడగలిగేలా ఉండటం) కావాలంటున్నారు. అన్నిటికీ ఏరియా అట్రిబ్యూట్లు తగిలిస్తే సరిపోతుందా?" అని అడిగారు. సరిపోదండీ. తెర చదివే సాఫ్ట్‌వేర్‌కి పేజీలో ఏది ఏమిటో చెప్పే గుర్తులే ఈ ఏరియా (ARIA). నేను అచ్చంగా అదే చేసి దెబ్బతిన్నాను.

మాదో పెద్ద అప్లికేషన్ ఫారం. ఆటోమేటిక్ టూల్‌తో చెక్ చేస్తే ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. ధీమాగా తీసుకెళ్లి చూపు లేని ఒక టెస్టర్‌కి ఇచ్చాం. ఆయన ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ (తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) ఆన్ చేశారు. అది చదివే స్పీడుకి నాకు ఒక్క ముక్కా అందలేదు, ఆయన మాత్రం తాపీగా ట్యాబ్ నొక్కుకుంటూ పోయి చివర్లో ఆగారు. "సబ్మిట్ ఎక్కడ పెట్టారండీ?"

నా కళ్ల ముందే పచ్చగా మెరుస్తోంది! తీరా చూస్తే అది డివ్, అంటే తనకంటూ ఏ పనీ లేని ఉత్త ట్యాగ్. నొక్కితే పనిచేసేలా ఆన్‌క్లిక్ పెట్టి, రోల్ అనే ఏరియా అట్రిబ్యూట్ దగ్గర బటన్ అని రాశాం, అంతే. పేరుకే బటన్. ట్యాబ్‌కి దొరకదు, ఎంటర్‌కి పలకదు. ట్యాబ్‌ఇండెక్స్ అనే అట్రిబ్యూట్ పెడితే ఫోకస్ (కీబోర్డు ఇప్పుడు ఎక్కడుందో ఆ చోటు) దాని మీదకి వచ్చింది కానీ ఎంటర్‌కీ స్పేస్‌కీ విడిగా కోడ్ రాయాల్సి వచ్చింది. చివరికి అదంతా పీకేసి మామూలు బటన్ ట్యాగ్ పెట్టాం. ఆ పనులన్నీ బ్రౌజరే చేసిపెట్టింది. ఉన్న ట్యాగ్‌తో పని జరిగేచోట ఏరియా జోలికి వెళ్లొద్దని ఏరియా మొదటి రూలే చెబుతుంది. నేను అది చదివింది ఆ తర్వాతే.

అక్కడితో అయిపోలేదు. ఆయన సబ్మిట్ కొట్టారు. పైన ఎర్రగా ఎర్రర్ వచ్చింది, ఆయనకేమో నిశ్శబ్దం. మళ్లీ కొట్టారు, మళ్లీ కొట్టారు. దీనికి లైవ్ రీజియన్ (లోపల మాట మారగానే స్క్రీన్ రీడర్ చదివే డబ్బా) వాడాం, అయినా ఒకసారి చదివేది, ఒకసారి చదివేది కాదు. మేం మెసేజ్‌తో పాటే ఆ డబ్బాని కూడా అప్పటికప్పుడు పేజీలో పెడుతున్నాం. ఖాళీ డబ్బా ముందే పేజీలో ఉండాలి, తర్వాత అందులో మాట పడాలి. అప్పుడే స్క్రీన్ రీడర్ నమ్మకంగా గమనిస్తుంది. ఇప్పుడైతే ఫారం ఎర్రర్‌కి నేను ఫోకస్‌నే నేరుగా తప్పున్న ఫీల్డ్ మీదకి పంపి, మెసేజ్‌ని ఏరియా-డిస్క్రైబ్డ్‌బైతో దానికి కలుపుతాను.

మిగతావి తేలికే. మామూలు సైజు అక్షరాలకి కాంట్రాస్ట్ (అక్షరాల రంగుకీ వెనక రంగుకీ ఉన్న తేడా) కనీసం 4.5:1 ఉండాలి. ప్లేస్‌హోల్డర్ (ఫీల్డ్ లోపల లేతగా కనిపించే సూచన) లేబుల్ కాదు, టైప్ చేయగానే మాయమైపోతుంది. అలంకారానికి పెట్టిన బొమ్మకి ఆల్ట్ (బొమ్మ గురించి రాసే వివరం) ఖాళీగా వదలండి, అట్రిబ్యూట్‌నే తీసేస్తే కొన్ని రీడర్లు ఫైల్ పేరు చదువుతాయి. క్లయింట్ ఏ లెవెల్ అని అడిగితే డబ్ల్యూసీఏజీ (వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు) 2.2లో ఏఏ అనండి, అది 2023లో వచ్చింది.

ఫోకస్ ఉన్నదాని చుట్టూ వచ్చే గీత బాగోలేదని డిజైనర్ తీసేయమంటారు. మాకూ ఈ గొడవ అయింది. సీఎస్ఎస్‌లో ఫోకస్-విజిబుల్ వాడండి, మౌస్‌తో బటన్ నొక్కితే గీత కనిపించదు, కీబోర్డుతో వస్తే కనిపిస్తుంది. ఇద్దరికీ పేచీ ఉండదు.

ఇవాళే మౌస్ తీసేసి మీ యాప్‌లో ఒక పని మొదటి నుంచి చివరిదాకా చేసి చూడండి. పాపప్ మూశాక ఫోకస్ ఎటు పోతోందో ముఖ్యంగా గమనించండి. మాదైతే ప్రతిసారీ పేజీ మొదటికి పోయేది.