మొంథా తర్వాత: పాలు పోసుకునే వరి మీద ఉప్పు నీళ్లు కొట్టకండి

సందేహం: సార్, మాది అవనిగడ్డ దగ్గర. నాలుగెకరాలు కౌలుకి తీసుకుని వరి వేశాను. మొంథా తుపానుకి మూడెకరాలు పడిపోయింది, గింజ నొక్కితే ఇంకా పాలే వస్తున్నాయి. మిగతా ఎకరం ఆలస్యంగా నాటాను, పొట్ట మీద ఉంది (కంకి ఇంకా బయటికి రాలేదు), పడలేదు గానీ మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. పైగా టౌన్లో ఇళ్లలోకి నీళ్లొస్తున్నాయని రోడ్డు పక్క గట్టుకి గండి కొట్టారు, ఆ మురుగంతా మా చేలోకే వచ్చింది. మందుల కొట్టులో ఒక బలం మందు, రెండు పురుగు మందులు, ప్రొపికొనజోల్ అనే తెగులు మందు, మొత్తం నాలుగు రాసిచ్చారు. ఉప్పు నీళ్లు పిచికారీ చేస్తే చేను బతుకుతుందని వాట్సాప్‌లో వీడియో తిరుగుతోంది. రెండు గేదెలున్నాయి, గడ్డివామి తడిసిపోయింది, ఒక గేదె కుంటుతోంది. కరెంటు లేక పాల కేంద్రంలో పాలు పోయించుకోవడం లేదు. ఒకటే టెన్షన్‌గా ఉంది. ముందు దేనికి డబ్బు పెట్టమంటారు?

సలహా: ముందు మురుగు కాలువలో పేరుకున్న గుర్రపు డెక్క తీయించడానికి పెట్టండి. మందుల చీటీ జేబులోనే ఉంచండి, ఉప్పు మాత్రం అసలు కొనకండి.

ఉప్పు సంగతి మొదట చెబుతాను, ఎందుకంటే మీరు ఈ జవాబు చదివేలోగా మీ పక్క చేనువాళ్లు ఎవరో ఒకరు కొట్టేసి ఉంటారని నా భయం. ఆ సలహా అబద్ధం కాదు, కానీ ఇప్పటిది కాదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు చాలాచోట్ల వరి కోతకొచ్చి ఉంది, కోసిన చేలు పనల మీదే తడిశాయి. అలాంటప్పుడు పండిన గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల లెక్కన, అంటే 200 లీటర్లకు 10 కిలోల కల్లుప్పు కలిపి కంకుల మీద పడేలా కొట్టమంటాం. ఉప్పు ద్రావణం పైన ఉంటే గింజ నీరు పీల్చుకోలేదు, మొలక ఆగుతుంది. మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది 2025 అక్టోబరు 28 రాత్రి. మీ చేను ఇంకా పాల దశలో ఉంది, మొలకెత్తడానికి అందులో ముదిరిన గింజే లేదు. పచ్చగా ఉన్న పోటాకు (కంకి కిందుండే చివరి ఆకు) మీద అంత గాఢమైన ఉప్పు నీళ్లు పడితే ఆకు మాడుతుంది, ఆ ఆకు మాడితే గింజలోకి పాలు పోసేది ఏదీ ఉండదు, తుపాను మిగిల్చిన దాన్ని మీ చేత్తో మీరే పోగొట్టుకున్నట్టు అవుతుంది. వీడియో మాత్రం తీసేయకండి, డిసెంబరులో పనల మీద వాన పడితే పనికొస్తుంది.

ఇక నీళ్లు. మీ దివిసీమలో చేలోంచి నీళ్లు తీయడం అంటే గట్టు తెగ్గొట్టడం ఒక్కటే కాదని మీకు నేను చెప్పక్కర్లేదు. సముద్రం పోటు మీద ఉన్నంతసేపు మురుగు కాలువ కిందికి లాగదు, ఆ టైములో ఎంత తెగ్గొట్టినా నీరు వెనక్కి తంతుంది. పోటు తగ్గే వేళ చూసుకుని మడవలు తీయండి, మళ్లీ పోటు వచ్చేలోగా మూసేయండి. డెక్క తీసే పని కాలువ దిగువ నుంచి ఎగువకి రావాలి. అందరూ ఎవరి చేను ముందు వాళ్లు తీసుకుని, తీసిందాన్ని గట్టు మీద వేయకుండా కాలువలోనే కిందికి తోసేస్తుంటారు, అది పోయి తూము దగ్గర అడ్డం పడుతుంది. ఆ కాలువ మీద ఆధారపడ్డ పది మంది తలా కాస్త వేసుకుని ఒక ప్రొక్లెయినర్ పెట్టుకుంటే ఆ నాలుగు మందుల ఖర్చుకంటే తక్కువలో అయిపోవచ్చు. కాలువ నీరు ఉప్పగా మారిందేమో కనుక్కోండి, ఉప్పగా ఉంటే ఆ నీరు చేలో ఒక్క రోజు కూడా ఉండకూడదు, మంచి నీళ్లు దొరగ్గానే ఒకటికి రెండుసార్లు పెట్టి తీసేయాలి.

పొట్ట మీదున్న ఎకరాన్ని మాత్రం పూర్తిగా ఆరబెట్టకండి. రెండంగుళాలు ఉంచి మిగతాది తీయండి, ఈ దశలో నేల బీటలు తీస్తే తాలు పెరుగుతుంది. నీళ్లు తీశాక ఆ ఎకరానికి 20 కిలోల యూరియా, 20 కిలోల పొటాష్ వేసుకోవచ్చు, అయితే టౌన్ మురుగు నిలిచిన భాగంలో యూరియా వద్దు. మురుగులోనే కావాల్సినంత నత్రజని ఉంటుంది. కొన్నాళ్లకి అక్కడ చేను నల్లగా నిగనిగలాడుతుంది, అది చూసి సంతోషపడకండి, సుడిదోమ ముందు దిగేది అక్కడే.

పడిపోయిన మూడెకరాల్లోకి దిగి ఒక దుబ్బు మొదలు పట్టుకుని నెమ్మదిగా లేపి చూడండి. కాడ మొదట్లో వంగి ఉంటే లేస్తుంది, చిట్లిపోయి ఉంటే చేతిలోకి వస్తుంది. చిట్లినదాని జోలికి వెళ్లకండి. వంగినదాంట్లో కంకులు నీటికో బురదకో తగులుతున్న చోట మాత్రమే నాలుగైదు దుబ్బులు కలిపి కంకుల కింద వదులుగా కట్టండి. మూడెకరాలూ కట్టించాలంటే కూలి మీకు గిట్టదు. ఒకదాని మీద ఒకటి వాలి కంకి పైకి తేలి ఉన్న చోట కింద నీరు లేకుండా చూసుకుంటే చాలు. ఇంకో మాట, ఈ పని ఒకటి రెండు రోజుల్లో అయిపోవాలి. పడిన వరి పై కణుపుల దగ్గర తనంతట తాను వంపు తిరిగి పైకి లేస్తుంది, మీరు ఇప్పటికే గమనించి ఉంటారు. అలా తిరిగాక లేపి కడితే ఆ కణుపు దగ్గరే పుటుక్కున విరుగుతుంది, అప్పుడు వదిలేయడమే మంచిది.

మందుల చీటీకి వద్దాం. మీరు రాసిన నాలుగింటిలో ఒకటి బలం మందు, రెండు పురుగు మందులు, ఒకటి ప్రొపికొనజోల్. బలం మందు కొట్టేయండి, అంటే చీటీలోంచి. వేరు ఊపిరాడక ఆకు పసుపు పడితే లీటరుకి 10 గ్రాముల చొప్పున 13-0-45 (పొటాషియం నైట్రేట్) కొట్టుకోవచ్చు, ఆ సీసా ధరలో సగం కూడా కాదు. పురుగు మందులు దేనికి? పురుగు కనపడిందని మీరు రాయలేదు. దుబ్బు వంచి మొదలు మీద చేత్తో తట్టండి, నీటిలో గోధుమ రంగు సుడిదోమ రాలి తేలితే అప్పుడు చూద్దాం, అది కూడా దుబ్బుకి ఎన్ని ఉన్నాయో చెప్పాక. ముందు జాగ్రత్త అని రెండు పురుగు మందులు కలిపి కొడితే సాలీళ్లు పోతాయి, దోమని తినేది అవే.

ప్రొపికొనజోల్ మాత్రం పనికొస్తుంది, మబ్బు విడిచి ఆకు ఆరాక లీటరుకి 1 మి.లీ. చొప్పున మూడెకరాలకూ ఒక్కసారి. పడిన చేలో గాలి ఆడదు కాబట్టి పాము పొడ, గింజ మచ్చ రెండూ వస్తాయి, ఆ రెంటికీ అదే సరిపోతుంది. తెల్లవారుజామున ఆకు అంచుల వెంట పసుపు చార, దాని మీద పాల చుక్కల్లాంటివి కనిపిస్తే అది బాక్టీరియా ఎండాకు తెగులు, దానికి ఈ మందు పనిచేయదు. అప్పుడు చేయాల్సింది యూరియా ఆపి, ఆ మడి నీరు పక్క మడిలోకి పోకుండా చూసుకోవడం. పొట్ట మీదున్న ఎకరంలో అది కనిపించినా ఇంతే, పైన చెప్పిన యూరియా మానేసి పొటాష్ ఒక్కటే వేయండి.

గండి గురించి కోపంగా రాశారు, కోపం న్యాయమే. కాలువ గట్ల మీద ఇళ్లు, షాపులు కట్టుకుంటూ పోయి, వాన వచ్చేసరికి నీరు పోయే దారి లేక చేల మీదికి మళ్లించడం మన చిన్న టౌన్లన్నిటా చూస్తున్నదే, ప్రతి తుపానుకీ టౌన్ బాధ వార్తవుతుంది, చేను బాధ లెక్కల్లోకి కూడా రాదు. అయినా రాత్రికి రాత్రి పూడ్చేయకండి. నీరు తిరిగి ఇళ్లలోకి వెళ్తే గొడవ మీ మీద పడుతుంది, పైగా కాలువ మట్టం చేను కంటే తగ్గాక అదే గండి మీ నీరు బయటికి పోవడానికి పనికొస్తుంది. డ్రైనేజీ శాఖ వాళ్లకి ఫొటోతో రాతపూర్వకంగా ఇచ్చి, మట్టం తగ్గాక వాళ్ల చేతే పూడ్పించండి. ఈలోగా ఆ భాగంలోకి కూలీలని వట్టి కాళ్లతో దింపవద్దు, సీసా పెంకులు, రేకులు కొట్టుకొచ్చి ఉంటాయి. ఎలుకల మూత్రం కలిసిన నీటితో వచ్చే జ్వరం ఒకటుంది, కాళ్ల మీది పుండ్ల గుండా ఎక్కుతుంది. నీళ్లలో దిగిన వాళ్లెవరికైనా వారం, పది రోజుల్లో జ్వరంతో పిక్కలు పట్టేస్తే పీహెచ్‌సీలో "ముంపు నీళ్లలో పనిచేశాం" అని చెప్పి చూపించుకోవాలి.

గేదె కుంటుతోంది అన్నారు, ఎక్కడ నొప్పో రాయలేదు. కాలెత్తి గిట్టల మధ్య చూడండి. చర్మం నాని తెల్లబడి దుర్వాసన వస్తుంటే బురదలో నిలబడినందుకు వచ్చిన కుళ్లు, లేత గులాబీ రంగు వచ్చేంత పొటాషియం పర్మాంగనేట్ కలిపిన నీళ్లతో రోజుకి రెండుసార్లు కడిగి, తుడిచి, పొడి నేల మీద కట్టేస్తే తగ్గుముఖం పడుతుంది. నోట్లో కూడా పొక్కులుండి చొంగ కారుతుంటే గాలికుంటు, రెండో గేదెని వెంటనే వేరు చేయండి. తొడ దగ్గరో జబ్బ దగ్గరో వాపు ఉండి, నొక్కితే కరకరలాడి, ఒళ్లు కాలుతుంటే జబ్బవాపు కావచ్చు, అప్పుడు ఇంటి వైద్యాలు పెట్టుకోకుండా పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి, గంటలు కూడా విలువైనవే.

తడిసిన వామిని అలాగే ఉంచితే లోపల వేడెక్కి బూజు పడుతుంది. పైపొర తీసేసి పొరలు పొరలుగా విడదీయండి, శుభ్రంగా ఉన్నది గట్టు మీద ఆరబెట్టండి, నల్లబడి బూజు వాసన కొడుతున్నది పేడదిబ్బకి వేయండి. ఎండబెట్టాం కదా అని బూజు గడ్డి పెట్టకండి. బూజు పట్టిన వరిగడ్డి తిన్న గేదెలకి డెగ్నాలా అనే జబ్బు వస్తుంది, తోక చివర, చెవి కొసలు ఎండి రాలతాయి, గిట్టలు ఊడతాయి. మీ గేదె తోక చివర చల్లగా, గట్టిగా తగులుతోందేమో అది కూడా చూడండి.

పాలు పోయించుకోవడం లేదని తీయడం తగ్గించకండి. ఒక్క పూట వదిలేసినా ఈ తడి నేల మీద పొదుగువాపు పట్టుకోవచ్చు. తోడు పెట్టి వెన్న తీసి నెయ్యి కాచుకోండి, కరెంటు వచ్చాక అమ్ముకోవచ్చు.

చివరిగా కాగితాలు. చేను లేపి కట్టకముందే నాలుగు మూలల నుంచీ ఫొటోలు తీయండి, కట్టాక తీస్తే నష్టం కనపడదు. రైతు సేవా కేంద్రానికి వెళ్లి ఈ-పంట నమోదు (ఏ చేలో ఎవరు ఏ పంట వేశారో రాసే రికార్డు) ఎవరి పేరు మీద ఉందో చూసుకోండి. కౌలు కార్డు మీ దగ్గరుండి నమోదు భూ యజమాని పేరు మీద ఉంటే నష్టం లెక్క కట్టడానికి వచ్చేలోపే రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి, డబ్బు పడ్డాక ఎవరూ వెనక్కి ఇవ్వరు. పెట్టుబడి రాయితీకి నష్టం 33 శాతం దాటాలి, మూడెకరాలనీ ఎకరాన్నీ విడివిడిగా రాయమనండి. బీమా కట్టి ఉన్నా ఈ 2025 ఖరీఫ్‌లో చేను మునిగినందుకు మీ ఒక్కరికీ విడిగా లెక్క కట్టరు, యూనిట్‌లో (బీమాకి ఒకటిగా లెక్క కట్టే ప్రాంతంలో) పంట కోత ప్రయోగాల దిగుబడిని బట్టే ఇస్తారు. కోసి పనల మీదున్నప్పుడు తుపాను వాన పడితే మాత్రం వేరు, కోసిన 14 రోజుల్లోపు నష్టమైతే 72 గంటల్లో తెలియజేయాలి, అది డిసెంబరుకి గుర్తుపెట్టుకోండి.

ఆ గిట్ట ఫొటో ఒకటి, పడిన చేలో దుబ్బు మొదలు ఫొటో ఒకటి వెలుతురులో తీసి పంపండి. చీటీలో మిగిలిన రెండు పురుగు మందుల సంగతి అవి చూశాక చెబుతాను, అప్పటిదాకా వాటి కోసం కొట్టు వైపు వెళ్లకండి.