నాన్నగారి చెప్పుల్లో జెల్ సెన్సర్ పెట్టించాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. 15 ఏళ్లుగా షుగర్. నెల్లూరు నుంచి ఈమధ్యే బెంగళూరులో మా దగ్గరికి వచ్చారు. అరికాళ్లు మొద్దుబారాయంటున్నారు. పాదం మీద పడే ఒత్తిడిని కొలిచి ఫోన్‌కి పంపే హైడ్రోజెల్ సెన్సర్ల గురించి చదివాను. అలాంటి ఇన్‌సోల్ కొనమంటారా?
- ఓ పాఠకుడు, మారతహళ్లి

జవాబు: ఇప్పుడే వద్దు. ముందు నాన్నగారి పాదాలకు మోనోఫిలమెంట్ పరీక్ష చేయించండి. 10 గ్రాముల ఒత్తిడికి వంగే సన్నని నైలాన్ పోగుతో అరికాలిని అక్కడక్కడా తాకుతారు. ఆయన కళ్లు మూసుకుని తగిలిందో లేదో చెప్పాలి. రెండు నిమిషాల పని.

మొద్దుబారడమంటే ఏమిటో చెబుతాను. మా ఓపీలో ఒక పెద్దాయన బూటు విదిలిస్తే చొక్కా గుండీ రాలిపడింది. పొద్దున్నుంచీ దానిమీదే నడిచారట. బొటనవేలి కింద గుండీ అచ్చు, నాలుగు చిల్లులతో సహా. ఆయనకు నొప్పే తెలియలేదు. ఆ నొప్పి చేయాల్సిన కాపలా సెన్సర్‌తో చేయించాలన్నదే మీరు చదివిన ఆలోచన. మంచిదే.

హైడ్రోజెల్ మీకు పరిచయమైనదే. ఈసీజీ తీసేటప్పుడు ఛాతీకి అంటించే స్టిక్కర్ మధ్యలో చల్లగా తగిలే జెల్ దీనికి చుట్టమే. పాలిమర్ అల్లికలో నీళ్లుంటాయి, అందులో కరిగిన ఉప్పు అయాన్లు కరెంటును మోస్తాయి. జెల్‌ను నొక్కినా సాగదీసినా దాని విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పును బట్టే ఒత్తిడి ఎంతో లెక్కగడతారు. చిక్కల్లా ఆ నీళ్లతోనే. ఆరితే రీడింగ్ తప్పుతుంది. ఆరకుండా గ్లిజరిన్ లాంటివి కలుపుతారు గానీ, ల్యాబ్ బల్ల మీద పనిచేయడం వేరు, చెమట పట్టే చెప్పులో 70 కిలోల మనిషి కింద నెలల తరబడి నలగడం వేరు. ఒకసారి పుండుపడి మానిన పాదం మీద చెప్పులో గరిష్ఠ ఒత్తిడి 200 కిలోపాస్కల్స్ లోపే ఉండేలా చూస్తాం. 150ని 250గా చూపే సెన్సర్‌తో ఇంటిల్లిపాదికీ టెన్షన్. 250ని 150గా చూపేదైతే మళ్లీ పుండే.

చర్మానికి నేరుగా అంటించే రకమైతే అసలే వద్దు. జిగురులోని అక్రిలేట్లు కొందరికి పడవు. దద్దుర్లు లేచినా ఆయనకు దురద తెలియకపోవచ్చు.

పరీక్షలో స్పర్శ తగ్గిందని తేలితే ఎంసీఆర్ (మెత్తటి మైక్రోసెల్యులార్ రబ్బరు) చెప్పులు చేయించండి. ఇంట్లోనూ వట్టికాళ్లతో తిరగనివ్వకండి. తొడుక్కునే ముందు చెప్పుల్లో చెయ్యిపెట్టి తడిమి చూడాలి. రాత్రిపూట అద్దం పెట్టి అరికాళ్లు, వేళ్ల సందులు మీరే చూడండి. ఆనెలుంటే బ్లేడుతో కోసుకోనివ్వకండి. ఎర్రబడినా, నీటిబుడగ కనిపించినా ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.