మేకులు మానుకున్న కమ్మరి

ప్రశ్న: మా బాబాయి అమెరికా నుంచి వస్తూ నాకు పటగోనియా కంపెనీ జాకెట్టు తెచ్చారు. కొండలెక్కేవాళ్ల సామాన్లు అమ్మే కంపెనీలన్నీ తమ వారసత్వం గురించి, అన్వేషణ స్ఫూర్తి గురించి గొప్పగా చెప్పుకుంటాయి. జాకెట్లు కుట్టి అమ్మేవాళ్లకు అన్వేషణతో ఏమి సంబంధం? అదంతా ప్రచారమేనా?
– రాక్ క్లైంబింగ్ నేర్చుకుంటున్న విద్యార్థి, భువనగిరి

జవాబు: బాబూ, ఆ కంపెనీ పుట్టింది కమ్మరి కొలిమిలో. ఐటీఐలో కమ్మరం నేర్పినవాణ్ని కనుక ఈ కథంటే నాకు ప్రాణం. కాస్త వివరంగానే చెబుతాను.

1957లో ఇవాన్ షునార్డ్ అనే కుర్రవాడు పాత ఇనుప సామాన్ల దుకాణంలో ఒక బొగ్గు కొలిమి, 138 పౌండ్ల దాగలి, పటకార్లు, సుత్తులు కొన్నాడు. కాలిఫోర్నియాలోని బర్బాంక్‌లో, తల్లిదండ్రుల ఇంటి పెరట్లో కమ్మరం తనంతట తానే నేర్చుకున్నాడు. ఎందుకంటే అతనికి పిటాన్లు కావాలి. రాతి నెర్రెలో సుత్తితో దిగగొట్టి, తలకున్న రంధ్రానికి తాడు తగిలించుకునే మేకును పిటాన్ అంటారు. అప్పట్లో ఐరోపా నుంచి వచ్చేవి మెత్తని ఇనుపవి. నెర్రె ఎలా వంకర తిరిగితే అలా వంగి కూర్చునేవి. తిరిగి పీకబోతే తల ఊడేది. అందుకే కొట్టినచోటే వదిలేసేవారు. కాలిఫోర్నియాలోనే ఉన్న యోసెమిటీ లోయలోని ఎల్ క్యాపిటన్ లాంటి నిలువు రాతిగోడ ఎక్కాలంటే మేకు వందలసార్లు కొట్టాలి. అన్ని మేకులు మోసేదెవరు?

జాన్ సలాథే అనే స్విస్ కమ్మరి అంతకుముందే గట్టి ఉక్కుతో మేకులు చేసి దారి చూపాడు. షునార్డ్ కోతయంత్రపు పాత బ్లేడు ఒకటి తీసుకుని తన మొదటి మేకులు సాగగొట్టాడు. అది క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు. దెబ్బకు వంగదు, పీకితే చెక్కుచెదరకుండా వస్తుంది, మళ్లీ పనికొస్తుంది. గంటకు రెండు చేసేవాడు. ఐరోపా మేకు 20 సెంట్లైతే ఇతనిది డాలరున్నర. అయినా స్నేహితులు అడిగి మరీ కొన్నారు. కారు వెనక పెట్టుకుని తిరిగి అమ్మాడు. ఇంజనీరు టామ్ ఫ్రాస్ట్ తోడయ్యాక పనితనం ఇంకా పెరిగింది. వాళ్లు తపాలా బిళ్లంత మేకు ఒకటి చేశారు. బ్లేడు అంచు తప్ప మరేదీ పట్టని సన్నని నెర్రెల కోసం దాన్ని చేసి, 1960లో తామే దాని మీద బరువు వేసి ఎక్కి చూశారు. చేసినవాడే తన వస్తువుకు ప్రాణం అప్పగించాలి. మీరడిగిన అన్వేషణ అక్కడుందని నా నమ్మకం.

అసలు సంగతి తర్వాత జరిగింది. 1970 నాటికి అమెరికాలో కొండలెక్కే ఇనుప సామాన్లు అమ్మేవాళ్లలో షునార్డ్ కంపెనీదే పెద్ద చేయి. మేకు తిరిగి రావడమే దాని గొప్ప కదా, ముప్పు కూడా అందులోనే దాగి ఉంది. ఒకరు కొట్టి పీకిన నెర్రెలోనే ఇంకొకరు కొట్టి పీకుతారు. పీకేటప్పుడు మేకును అటూ ఇటూ సుత్తితో బాదాలి. ప్రతి దెబ్బకూ అంచుల నుంచి రాయి పొడి రాలుతుంది. ఎల్ క్యాపిటన్ మీది ప్రసిద్ధమైన ‘నోస్’ దారిలో నెర్రెలు పాడైపోయిన తీరు చూసి షునార్డ్, ఫ్రాస్ట్ కలత చెందారు. మేకుల వ్యాపారం నుంచి తప్పుకోవాలని నిశ్చయించారు. వ్యాపారంలో సుమారు 70 శాతం మేకులదే!

ప్రత్యామ్నాయం బ్రిటన్‌లో ఉంది. వేల్స్‌లో స్నోడన్ కొండ దగ్గర రైలు పట్టాల పక్కన దొరికిన నట్లకు తాడు కట్టి, నెర్రెలో ఇరికించి ఎక్కేవారు. సుత్తి అక్కరలేదు, వేళ్లతో పెట్టి వేళ్లతోనే తీయవచ్చు. ఆ సూత్రంతోనే షునార్డ్, ఫ్రాస్ట్ నెర్రెలో ఇరికించే అల్యూమినియం దిమ్మలు, అంటే చాక్‌లు చేశారు. 1972 కేటలాగులో మేకుల వల్ల రాతికి జరిగే హాని గురించి రాశారు. సుత్తి లేకుండా ఎక్కడం ఎలాగో డగ్ రాబిన్సన్ అనే పర్వతారోహకుడి చేత 14 పేజీల వ్యాసం రాయించి అచ్చువేశారు. తన అమ్మకపు జాబితాలోనే తన సరుకు వద్దని చెప్పడం నేను మరే కమ్మరి దగ్గరా వినలేదు. కొద్ది నెలల్లో మేకుల గిరాకీ పడిపోయింది, చాక్‌లు చేసినవి చేసినట్టే అమ్ముడుపోయాయి.

షునార్డ్ బట్టల అమ్మకానికి పటగోనియా పేరు 1973లో వచ్చింది. ఇనుప సామాన్ల విభాగం 1989లో, ప్రమాదాల దావాల ఒత్తిడిలో దివాలా రక్షణ కోరింది. ఉద్యోగులే దాన్ని కొని బ్లాక్ డైమండ్‌గా నడిపారు. కాబట్టి కొలిమి వారసత్వం మీ జాకెట్టు మీది పేరుకు మాత్రమే చెందదు. 2022లో షునార్డ్ కుటుంబం పటగోనియా యాజమాన్యాన్ని ఒక ట్రస్టుకూ, ప్రకృతి పరిరక్షణ కోసం పెట్టిన లాభాపేక్ష లేని సంస్థకూ అప్పగించింది. మంచి పనే. నా మనసు మాత్రం 1972 దగ్గరే ఆగుతుంది.

మీ భువనగిరి బండా గ్రానైటే, ఎల్ క్యాపిటనూ గ్రానైటే. చెడిన నెర్రె మళ్లీ పూడదు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదట చేతులు పెట్టింది మీ బండ మీదే. మీ తర్వాత వచ్చే పిల్లలకూ అది అలాగే దొరకాలి.

ప్రశ్న: మా అమ్మాయి పర్వతారోహణ ప్రాథమిక కోర్సుకు వెళుతోంది. ఖరీదైన జాకెట్టు కొనాలా?
– ఒక తల్లి, విజయనగరం

జవాబు: వద్దమ్మా, ముందు శిక్షణ సంస్థ పంపిన జాబితా చూడండి. తాళ్లు, హెల్మెట్టు వంటివి సాధారణంగా వాళ్లే ఇస్తారు. డబ్బు బూట్ల మీద పెట్టండి. సాయంత్రం పూట, కాళ్లు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, మందపాటి మేజోళ్లతో తొడిగి కొలత చూడండి. దిగుడులో వేళ్లు ముందుకు వెళ్లి బూటుకు గుద్దుకోకూడదు. కొత్త బూట్లతో కోర్సుకు పంపకండి, ఇంటి చుట్టుపక్కల కొన్ని వారాలు తొడుక్కుని తిరగమనండి. బయలుదేరే ముందు కాలిగోళ్లు కత్తిరించుకోమని గుర్తుచేయండి.