లక్షన్నర కట్టాలా, చెరువు గట్టుకెళ్లాలా?

ప్రశ్న: మేము బెంగళూరు యలహంకలో ఉంటాం. మా అమ్మాయి తొమ్మిదిలోకి వచ్చింది, సైన్సంటే ప్రాణం. ఒక సంస్థవాళ్లు 12 వారాల్లో రీసెర్చ్ చేయించి జర్నల్లో పేపర్ వేయిస్తామంటున్నారు. ఫీజు లక్షన్నర. చేర్పించమంటారా? ఐఐటీ ఫౌండేషన్ క్లాసులకు అడ్డం అవుతుందేమోనని భయం. – ఒక తల్లి

జవాబు: ఫీజు సంగతి తర్వాత. ముందు వాళ్లను ఒక్క మాట అడగండమ్మా: టాపిక్ ఎవరు ఎంచుకుంటారు? ‘మా దగ్గర లిస్టుంది’ అంటే అక్కడితో నమస్కారం పెట్టేయండి. ‘పేపర్ గ్యారంటీ’ అన్నా అంతే. పరువున్న జర్నల్ ఏదీ సమీక్ష కాకముందే వేస్తామని మాటివ్వదు.

మీకు జక్కూరు చెరువు దగ్గరే. మురుగునీటి శుద్ధి ప్లాంటు నుంచి వచ్చే నీళ్లు అక్కడ ముందు జమ్ము పెంచిన తడినేల గుండా పారి, ఆ తర్వాత చెరువులో కలుస్తాయి. ఆ దారిలో నీళ్లలో ఏం మారుతోంది? తొమ్మిదో తరగతి పిల్లకు ఇది చాలినంత ప్రశ్న. ఒక పీహెచ్ మీటరు (నీళ్లలో ఆమ్లగుణం, క్షారగుణం ఎంతో చూపేది, 7 అంటే రెండూ కాదు, పైకి పోతే క్షారం), థర్మామీటరు, బౌండ్ నోట్‌బుక్కు ఉంటే మొదలుపెట్టొచ్చు.

పిల్లలు ఎక్కువగా బోల్తా పడేది కొలిచే వేళ దగ్గర. ఉదయం ఏడింటికి తడినేల దగ్గర కొలిచి, నడుచుకుంటూ వెళ్లి పదకొండింటికి చెరువు అవతలి ఒడ్డున కొలుస్తారు. పీహెచ్ పెరిగింది, అంతా తడినేల మహిమే అని రాసేస్తారు. నిజానికి ఎండెక్కేకొద్దీ నాచు నీళ్లలోని కార్బన్ డయాక్సైడును లాగేసుకుంటుంది, అందుకే పీహెచ్ పెరుగుతుంది. నాచు దట్టంగా ఉంటే తెల్లవారుజాముకూ మధ్యాహ్నానికీ ఒకే చోట ఒక పాయింటు దాకా తేడా రావచ్చు. కాబట్టి ఇద్దరు ఒకేసారి రెండు చోట్లా కొలవాలి. మీటరు ఒక్కటే అయితే ఒక వారం ఇటునుంచి, మరో వారం అటునుంచి మొదలుపెట్టాలి. చోటుకు మూడు నమూనాలు, వారానికోసారి, కనీసం పది వారాలు. సీసాలో పట్టి ఇంటికి తెస్తే వాయువులు మారిపోతాయి, గట్టుమీదే కొలవాలి.

మీటరును బయల్దేరేముందు 7, 9.2 బఫర్లతో, అంటే పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో, సరిచూడాలి. చాలామంది 4, 7తో సరిపెడతారు, కానీ చెరువు నీళ్ల పీహెచ్ తరచూ 7కి పైనే ఉంటుంది. మీటరులో నీళ్లలో ముంచే భాగాన్ని, అంటే ఎలక్ట్రోడును, డిస్టిల్డ్ వాటర్లో నానబెడితే పాడవుతుంది, దానికి స్టోరేజ్ ద్రావణం వేరే ఉంటుంది. గ్లవ్స్ తప్పనిసరి. పక్కన పెద్దవాళ్లు ఉండాలి. నీళ్లలోకి మాత్రం దిగొద్దు.

పోటీ గురించి కూడా చెబుతాను. స్కూలు పిల్లల సైన్స్ ప్రాజెక్టులకు మన దేశంలో జరిగే ఐరిస్ నేషనల్ ఫెయిర్‌లో ఎంపికైనవాళ్లు మే నెలలో అమెరికాలో జరిగే అంతర్జాతీయ పోటీ ఐసెఫ్‌కు వెళ్తారు. ఐసెఫ్‌కు తొమ్మిది నుంచి పన్నెండు తరగతులవాళ్లు అర్హులు, జట్టులో ముగ్గురికి మించకూడదు. అబ్‌స్ట్రాక్ట్ (ప్రాజెక్టు సారాంశం) 250 పదాలు దాటకూడదు. ఇంట్లో బ్యాక్టీరియా పెంచడం అక్కడ నిషేధం. నమూనా ఇంట్లో తీసుకోవచ్చు గానీ, వెంటనే ల్యాబుకు చేర్చాలి. క్లాసు పిల్లల నిద్ర మీద సర్వే చేసినా అనుమతి ముందుగా ఉండాలి. డేటా అంతా సేకరించాక ఫారాలు నింపుదామనుకుంటే కుదరదు, ఎంత మంచి ప్రాజెక్టైనా అక్కడే ఆగిపోతుంది.

ప్రొఫెసర్లకు ఇప్పుడే మెయిల్ పెట్టించకండి. మీ పక్కనే ఉన్న పరిశోధన సంస్థ జేఎన్‌సీఏఎస్‌ఆర్ ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్ కాలేజీ విద్యార్థులకు. పది వారాల డేటా చేతికొచ్చాక ఒక గ్రాఫు, దాంట్లో తనకు అర్థంకాని ఒక్క సంగతి రాసి, ఐదారు వాక్యాల్లో అడగమనండి. ‘ఇంటర్న్‌షిప్ ఇప్పించండి’ కన్నా దానికి జవాబొచ్చే అవకాశం ఎక్కువ.

ఫౌండేషన్ క్లాసు మానిపించనక్కర్లేదు. దీనికి పట్టేది ఆదివారం ఉదయం మూడు గంటలు, మధ్యలో ఒక సాయంత్రం లెక్కలకు. ఒక్కటి మాత్రం ముందే తెలుసుకోండి: జేఈఈలో, సైన్స్ డిగ్రీ చదివించే ఐఐఎస్‌ఈఆర్ సంస్థల ఆప్టిట్యూడ్ టెస్టులో ప్రాజెక్టుకు మార్కుల్లేవు. అందుకే పదకొండులో కాకుండా ఈ ఏడాదే చేయించమంటున్నాను.

నోట్‌బుక్కులో పెన్సిలు వద్దు, వైట్‌నరూ వద్దు. తప్పు పడితే అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది, తేదీ రాయమనండి.