ఎత్తు పెంచిన బండి ఊగుతోంది... సరిచేయిస్తే లీగల్ అవుతుందా?

ప్రశ్న: నాకు ఫోర్ వీల్ డ్రైవ్ జీపు ఉంది. కొండదారుల్లో, రాళ్లలో నడపడానికి ఒక గ్యారేజీలో రెండంగుళాల లిఫ్ట్ కిట్ వేయించి, కాస్త పెద్ద టైర్లు ఎక్కించాను. అప్పటి నుంచి హైవే మీద 70 దాటితే స్టీరింగ్ కుదురుగా ఉండడం లేదు. మలుపులో బండి బాగా పక్కకు వాలుతోంది. గుంతలో పడితే ముందు చక్రాలు గడగడా వణుకుతాయి. గ్యారేజీవాళ్లు ఇంకొన్ని పార్టులు మార్చి, వీల్ స్పేసర్లు (చక్రాన్ని బయటికి జరిపే బిళ్లలు) వేస్తే అంతా సెట్ అయిపోతుందంటున్నారు. నా స్నేహితుడేమో అసలు ఎత్తు పెంచడమే నేరం, ఇన్సూరెన్స్ కూడా రాదని భయపెడుతున్నాడు. బండి నిలకడ కోసం చేయించే మార్పులకు కూడా పర్మిషన్ కావాలా? అవి చేయిస్తే బండి లీగల్ అవుతుందా? పని చెడగొట్టిన గ్యారేజీ మీద కేసు వేయవచ్చా?

– ఒక పాఠకుడు

జవాబు: రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. మిగతా రెండూ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. అవదు. బండి రేపటి నుంచి రైలు పట్టాల మీద వెళ్లినట్టు వెళ్లినా సరే, లిఫ్ట్‌కు చట్టం దృష్టిలో మార్కులు పడవు. అలాగని ఊగుతున్న బండిని అలాగే తిప్పితే అది ఇంకో సెక్షన్ కింద విడిగా నేరమవుతుంది. ఎత్తు పెంచడం ఒక సమస్య, నిలకడ తప్పడం మరో సమస్య. ఒకదానికి వేసిన మందు రెండోదానికి పనిచేయదు.

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు మొదట చెప్పిన వివరాలకు భిన్నంగా మారేలా యజమాని బండిని మార్చకూడదు. కేరళ నుంచి వెళ్లిన కె. జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ సెక్షన్‌ను గట్టిగా చదివింది. రాష్ట్ర రూల్స్ ఏం చెప్పినా అవి సెక్షన్ 52కు లోబడే ఉండాలని, తయారీదారు స్పెసిఫికేషన్ దాటి మార్చే వీల్లేదని తేల్చింది. రంగు మార్చడం, స్పెసిఫికేషన్‌ను తాకని చిన్న చిన్న ఫిట్టింగులు పెట్టుకోవడం దీని కిందకు రావని కూడా చెప్పింది. కాబట్టి సీటు కవరు మార్చినా కేసే అని మీ స్నేహితుడు అంటే నమ్మకండి.

గ్యారేజీవాళ్లు సాధారణంగా వినిపించే వాదన ఒకటుంది. ఆర్సీలో నేలకూ బండికీ మధ్య ఎత్తు రాసే గడే లేదు, మరి వివరాలు మారాయని ఎలా అంటారు అని. వినడానికి బాగానే ఉంటుంది. కోర్టులో ఏ లాయరైనా ఇదే ఎత్తుకుంటాడు, నేనైనా అంతే. కానీ 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ(4)ను చూడండి. చట్టంలో గానీ రూల్స్‌లో గానీ అనుమతి లేని విధంగా బండిని మార్చడమే కాదు, బయటి పార్టులు బిగించడం కూడా అందులో నేరం. ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. 'ఒక్కో మార్పుకు' అన్న చోట ఆగి చదవండి. స్ప్రింగులు ఒకటి, టైర్లు ఒకటి, రేపు వేయబోయే స్పేసర్లు ఇంకొకటి అని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ విడివిడిగా రాసుకుంటే మీరు చేయగలిగింది తక్కువ. ఆర్టీఓ ఆఫీసులో అప్లికేషన్ పెడితే ఆర్సీలో ఎక్కించేస్తారని ఎవరైనా భరోసా ఇచ్చినా నమ్మకండి. సెక్షన్ 52 వద్దన్నదాన్ని రిజిస్టరింగ్ అధికారి అనుమతించలేడు. మీ మోడల్‌కు తయారీ కంపెనీయే ఆ ఎత్తు, ఆ టైరు సైజుతో ఆమోదం తీసుకుని ఉంటే మాత్రం సంగతి వేరు. కంపెనీ సర్వీస్ సెంటర్ నుంచి అది రాతపూర్వకంగా తెచ్చుకోండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది లిఫ్ట్ కాదు, '70 దాటితే స్టీరింగ్ కుదురుగా ఉండడం లేదు' అన్న వాక్యం. సెక్షన్ 190(1) ప్రకారం, రోడ్డు మీద వెళ్లేవారికి ప్రమాదం తెచ్చే లోపం బండిలో ఉందని తెలిసీ నడిపినా, మామూలు జాగ్రత్తతో తెలుసుకోగలిగి కూడా పట్టించుకోకపోయినా శిక్ష ఉంది. ఆ లోపం వల్ల ప్రమాదం జరిగి ఎవరికైనా గాయమైతే శిక్ష జైలు దాకా వెళ్తుంది. మీకు తెలుసు. నాకు రాశారు, గ్యారేజీకి చెప్పారు, బహుశా వాట్సాప్‌లో వీడియో కూడా పంపి ఉంటారు. ప్రాణం పోయే ప్రమాదమైతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106(1) కింద నిర్లక్ష్యం కేసు పడుతుంది, శిక్ష ఐదేళ్ల వరకు. అప్పుడు ప్రాసిక్యూషన్ మొదట బయటికి తీసేది ఆ వాట్సాప్ మెసేజ్‌లనే. కాబట్టి ఈ క్షణం నుంచి బండిని హైవే ఎక్కించకండి. గ్యారేజీకి తీసుకెళ్లాల్సి వచ్చినా టో చేయించండి.

ఇక మొదటి ప్రశ్న, నిలకడ కోసం చేయించే పనులు. ఇక్కడ కాస్త మెకానిక్ భాషలో మాట్లాడక తప్పదు. ప్రమాదాల కేసుల్లో ఇన్సూరెన్స్ సర్వేయర్ల రిపోర్టులు చదివే లాయర్లకు ఈ మాటలు కొట్టిన పిండే.

మీరు చెప్పిన వణుకును బట్టి మీ బండికి ముందు భాగంలో రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు ఉందనుకుంటున్నాను. బాడీని పైకి లేపి, ఇరుసును పట్టి ఉంచే ఆర్ములను పాత పొడవులోనే వదిలేస్తే ఇరుసు కొద్దిగా తిరుగుతుంది. దాంతో కాస్టర్ కోణం తగ్గుతుంది. వదిలేసినా స్టీరింగ్ తనంతట తాను నేరుగా రావడానికి కారణం ఆ కోణమే. అది పోయింది కాబట్టే మీ చేతిలో స్టీరింగ్ వెతుక్కుంటోంది. అలాగే ఇరుసు పక్కలకు జరగకుండా పట్టుకునే పనార్డ్ రాడ్ ఏటవాలుగా మారి, ఇరుసునే ఒక పక్కకు లాగుతుంది. స్టీరింగ్ రాడ్డు, ఈ రాడ్డు ఒకే వాలులో లేకపోతే గుంత తగిలినప్పుడల్లా చక్రం దానంతటదే మళ్లుతుంది. వీటికి తోడు అరిగిన బుష్ (కీళ్ల దగ్గరి రబ్బరు), లూజైన బాల్ జాయింట్ ఒక్కటున్నా చాలు, మీరు చెప్పిన గడగడ మొదలవుతుంది. బ్రేక్ హోస్ పైపుల పొడవు చాలుతోందో లేదో కూడా చూడాలి. చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు ఆ పైపు బిగుసుకుంటే మిగతా గొడవంతా చిన్నదైపోతుంది.

ఇప్పుడు స్పేసర్ల సంగతి. చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని గురుత్వ కేంద్రం ఎత్తుతో భాగిస్తే వచ్చే సంఖ్య, బండి బోల్తా పడకుండా ఎంతవరకు తట్టుకుంటుందో చెబుతుంది. అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ బోల్తా రేటింగ్‌కు మూలం ఇదే లెక్క. వెడల్పు 1,500 మి.మీ., ఎత్తు 700 అనుకుంటే 1.07 వస్తుంది. లిఫ్ట్, టైర్ల వల్ల ఎత్తు 750కి చేరితే 1.0కి పడిపోతుంది. పాత 1.07 మళ్లీ కావాలంటే వెడల్పు దాదాపు 107 మి.మీ. పెరగాలి. అంటే ఒక్కో పక్క 50 మి.మీ.కి పైగా స్పేసర్. అంత మందం వేస్తే వీల్ బేరింగుల మీద భారం పెరుగుతుంది, చక్రాలు మడ్‌గార్డు బయటికి పొడుచుకొస్తాయి, ఎవరూ కొలవకుండానే కంటికి కనిపించే మార్పు అవుతుంది. గట్టి యాంటీ రోల్ బార్ వేస్తే మలుపులో వాలడం తగ్గుతుంది గానీ, బోల్తా పడే హద్దు పెద్దగా మారదు. బండి బాగైపోయిందనుకుని స్పీడు పెంచుతారు. నన్నడిగితే నిలకడ పేరుతో అమ్మే పార్టుల్లో అసలు ప్రమాదం ఇదే.

చట్టం లెక్కలో వీటిని ఇలా విడదీయవచ్చు. అరిగిన బుష్షులు, బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు, కారిపోతున్న షాక్ అబ్జార్బర్లు తీసేసి అదే కొలత కొత్తవి వేయడం, వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయించడం, ఇవన్నీ రిపేర్లు. ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. చిన్న సంగతే గానీ చెబుతాను: బుష్ బోల్టులను బండి జాకీ మీద వేలాడుతుండగా కాకుండా చక్రాలు నేల మీద ఉన్నప్పుడే ఫైనల్‌గా టైట్ చేయాలి. లేకపోతే కొత్త రబ్బరు మెలిపడి త్వరగా చినుగుతుంది. పొడవు మార్చుకునే ఆర్ములు, వేరే కొలత పనార్డ్ రాడ్, పొడుగు యాంటీ రోల్ బార్ లింకులు మాత్రం లిఫ్ట్‌కు జోడీగా వచ్చేవి. లిఫ్టే అనుమతి లేనిదైనప్పుడు వీటికి విడిగా రక్షణ దొరకదు. సాంకేతికంగా అవి సరైన మందే కావచ్చు, జరిమానా లెక్కలో మాత్రం ఇంకో మార్పుగా చేరతాయి. స్పేసర్ల గురించి ఇక చెప్పక్కర్లేదు.

ఇన్సూరెన్స్ విషయంలో మీ స్నేహితుడు సగం కరెక్టు. ఎదుటివారికి జరిగిన నష్టానికి, అంటే థర్డ్ పార్టీ క్లెయిమ్‌కు, కంపెనీ ఏ కారణాలు చూపి తప్పించుకోవచ్చో మోటారు వాహనాల చట్టం సెక్షన్ 150లో లెక్కపెట్టి రాశారు. బండి ఎత్తు పెంచడం అన్నది అందులో విడిగా లేదు. కానీ పాలసీ తీసుకునేటప్పుడు ముఖ్యమైన విషయం దాచారన్న కారణం ఉంది, మార్పు గురించి చెప్పకపోతే దాన్ని పట్టుకుంటారు. ఇలాంటి గొడవల్లో ట్రిబ్యునళ్లు చాలాసార్లు బాధితుడికి ముందు కంపెనీ చేత కట్టించి, తర్వాత యజమాని నుంచి రాబట్టుకోమంటాయి. బాధితుడికి న్యాయం జరుగుతుంది, బిల్లు మీ ఇంటికి వస్తుంది.

మీ సొంత బండి నష్టానికి వేసే క్లెయిమ్ మాత్రం పూర్తిగా పాలసీ షరతుల మీద నడుస్తుంది. ఆపి ఉంచిన బండిని వెనక నుంచి ఎవరో గుద్దితే లిఫ్ట్‌కూ దానికీ సంబంధం లేదని గట్టిగా పోరాడవచ్చు. మలుపులో బోల్తా పడితే సర్వేయర్ రిపోర్టులో మొదటి వాక్యమే లిఫ్ట్ గురించి ఉంటుంది. అమలేందు సాహూ కేసులో సుప్రీంకోర్టు 2010లో, పాలసీ షరతు ఉల్లంఘన జరిగినా క్లెయిమ్ మొత్తం కొట్టేయకుండా కొంత డబ్బు ఇప్పించింది. అది సొంత కారును అద్దెకు తిప్పిన కేసు, మీ విషయానికి అచ్చంగా సరిపోదు. అయినా వాదనకు పనికొస్తుంది. క్లెయిమ్ తిరస్కరిస్తే ఏడాదిలోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లండి, ఫీజు లేదు. బండి మీద లోన్ ఉంటే అగ్రిమెంట్ తీసి చదవండి. అనుమతి లేకుండా బండిని మార్చకూడదనే షరతు వాటిలో సాధారణంగా ఉంటుంది.

గ్యారేజీ మీద కేసుకు దారి వినియోగదారుల రక్షణ చట్టం, 2019. డబ్బు తీసుకుని చేసిన పనిలో లోపం ఉంటే అది సేవాలోపమే. మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. పనికి కట్టిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. వస్తువులో లోపం ఉందో లేదో ల్యాబ్‌కు పంపి తేల్చమని కమిషన్‌ను అడగవచ్చు. గ్యారేజీ తప్పకుండా 'కస్టమర్ అడిగితేనే వేశాం, అనుమతి లేదని ఆయనకూ తెలుసు' అంటుంది. దీనికి మీ దగ్గర బలమైన జవాబు ఉండాలి. వేసేముందు చట్టం సంగతి మీకు చెప్పారా, వేశాక అలైన్‌మెంట్ చేసి కాగితం ఇచ్చారా, కాస్టర్ తగ్గుతుందని హెచ్చరించారా? ఇవేవీ చేయలేదని చూపగలిగితే లిఫ్ట్ ఖర్చు మొత్తం రాకపోయినా, పని చెడగొట్టినందుకు, దాన్ని సరిచేసే ఖర్చుకు కమిషన్ ఒప్పుకునే అవకాశం ఉంది. బండి అమ్మినవారి మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. మార్చిన వస్తువు విషయంలో అమ్మినవారి మీద ప్రోడక్ట్ లయబిలిటీ కేసు నిలవదని ఆ చట్టంలోని సెక్షన్ 87 సూటిగా చెబుతోంది. వారంటీలోనూ సస్పెన్షన్‌కు సంబంధించినంత వరకు పేచీ పెడతారు.

నా సలహా అడిగితే, బండిని కంపెనీ ఎత్తుకు దించేయండి. కానీ దించేముందు సాక్ష్యం సిద్ధం చేసుకోండి. నాలుగు చక్రాల దగ్గరా చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు వరకు టేపుతో కొలిచి, టేపు కనిపించేలా ఫొటోలు తీయండి. వేరే చోట అలైన్‌మెంట్ చెక్ చేయించి కాస్టర్ అంకెలున్న ప్రింటవుట్ తీసుకోండి. బిల్లులు, జాబ్ కార్డు, చాట్‌లు అన్నీ ఒక చోట పెట్టండి. ఆ తర్వాత గ్యారేజీకి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. లోపాలు ఇవీ, 15 రోజుల్లో మీ ఖర్చుతో సరిచేయండి లేదా డబ్బు తిరిగివ్వండి అని రాస్తే చాలు, లాయర్ సంతకం తప్పనిసరి కాదు. గడువు దాటాక వేరే గ్యారేజీలో దించేయండి. విప్పిన కిట్ పార్టులను ఎవరికీ అమ్మకండి, కేసు తేలేవరకు అవే మీ సాక్ష్యం. పాత స్ప్రింగులు గ్యారేజీలోనే వదిలేసి ఉంటే నోటీసులోనే వాటినీ అడగండి.

అడవి దారుల సరదా అంతటితో పోదు. మీ మోడల్‌లోనే కంపెనీ ఆమోదించిన పెద్ద టైరు సైజు ఉందేమో చూడండి. బురదలో, ఇసుకలో టైరు గాలి తగ్గించుకుంటే పట్టు బాగా పెరుగుతుంది. రోడ్డెక్కేముందు మళ్లీ నింపుకోవడం మర్చిపోకండి. ఇప్పుడున్న పెద్ద టైర్లతో మీటరు కూడా తప్పు చూపిస్తోంది. టైరు 8 శాతం పెద్దదైతే మీటరు 80 చూపించినప్పుడు మీరు నిజానికి 86లో ఉంటారు. ఈ మధ్య మీకు వచ్చిన స్పీడ్ చలానాలేమైనా ఉంటే వాటిని ఈ లెక్కతో ఒకసారి సరిచూసుకోండి. మీటరు తప్పని వాదించడానికి మాత్రం వెళ్లకండి, ఎందుకు తప్పిందో కూడా అక్కడే చెప్పాల్సి వస్తుంది.