ఫోస్టర్ కేరర్ల రివ్యూ: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఇంగ్లండ్‌లో ఫోస్టరింగ్ టీముల్లో పనిచేస్తున్న తెలుగు సోషల్ వర్కర్ల నుంచీ, ఒకరిద్దరు కేరర్ల నుంచీ వచ్చిన ప్రశ్నలివి. 'పెంపుడు తల్లిదండ్రులు' అంటే మనవాళ్లకు వెంటనే దత్తతే గుర్తొస్తుంది కాబట్టి కన్నవాళ్ల దగ్గర ఉండలేని పిల్లల్ని దత్తత తీసుకోకుండా తమ ఇంట్లో పెంచేవాళ్లకు 'ఫోస్టర్ కేరర్' అనే మాటనే ఉంచాం. ఇక్కడ చెప్పిన నిబంధనలు ఇంగ్లండ్‌వి. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో పద్ధతులు వేరు.

ప్రశ్న: ఇన్నాళ్లూ పిల్లల సోషల్ వర్కర్‌గా చేశాను. వచ్చే నెల నుంచి ఫోస్టరింగ్ రివ్యూయింగ్ ఆఫీసర్‌గా చేరుతున్నాను. పిల్లల రివ్యూలు చాలా చూశాను గానీ కేరర్ల రివ్యూ ఎప్పుడూ చేయలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
(ఒక పాఠకురాలు, లెస్టర్)

జవాబు: పిల్లల రివ్యూ అలవాటుతో ఈ పనిలోకి వచ్చినవాళ్లు మొదట్లో బిడ్డ గురించే నాలుగు పేజీలు రాసి, కేరర్ గురించి అర పేజీతో సరిపెడతారు. రెండింటిలో అడిగే ప్రశ్నలే వేరు. పిల్లల రివ్యూలో ఐఆర్ఓ (స్వతంత్ర రివ్యూయింగ్ ఆఫీసర్) చూసేది ఈ బిడ్డకు వేసిన ప్లాన్ సరిగ్గా నడుస్తోందా అని. అది మొదట 20 పనిదినాల్లోపు, తర్వాత 3 నెలల్లోపు, ఆపైన 6 నెలలకు మించకుండా జరుగుతుంది. మీరు తేల్చాల్సింది ఈ మనిషీ, ఈ ఇల్లూ ఫోస్టరింగ్‌కు ఇంకా తగినవేనా, ఇచ్చిన అప్రూవల్ షరతులు ఇంకా సరిపోతున్నాయా అన్నది. 2011 నాటి ఫోస్టరింగ్ సర్వీసెస్ రెగ్యులేషన్స్‌లో 28వ నిబంధన ఇదే చెబుతుంది. అప్రూవలైన ఏడాదిలోపు మొదటి రివ్యూ, ఆపైన ఏడాదికి మించని వ్యవధిలో మిగతావి. మొదటి రివ్యూ నివేదిక తప్పనిసరిగా కేరర్ల అప్రూవల్ మీద సిఫార్సులు చేసే ఫోస్టరింగ్ ప్యానెల్‌కు వెళ్లాలి. తర్వాతవి పంపాలా వద్దా అన్నది సంస్థ ఇష్టం.

ఫైలు తెరవగానే చూడాల్సిన కాగితం అప్రూవల్ షరతులది. చాలామంది దాన్ని చివర్లో చూస్తారు. '0 నుంచి 5 ఏళ్ల లోపు పిల్లలు ఇద్దరు' అని రాసి ఉందనుకోండి. రెండేళ్ల కిందట మూడేళ్ల వయసులో వచ్చిన పిల్లకు మొన్న అయిదు దాటింది. అందరికీ తెలుసు, ఎవరూ కాగితం మార్చలేదు. ఇలాంటిది బయటపడేది రివ్యూలోనే. అలాగే ముగ్గురు పిల్లల పరిమితి. 1989 చిల్డ్రన్ యాక్ట్ ఏడో షెడ్యూల్ ప్రకారం ఒక ఇంట్లో ముగ్గురికి మించి ఫోస్టర్ పిల్లలు ఉండకూడదు. అందరూ ఒకరికొకరు తోబుట్టువులైతే ఫర్వాలేదు. లేదంటే కేరర్ ఉండే ప్రాంతపు లోకల్ అథారిటీ (కౌన్సిల్) మినహాయింపు ఇవ్వాలి. పిల్లలను పంపిన అథారిటీ ఇస్తే చాలదు. ఈ ఒక్క చోట పొరపాటు తరచుగా జరుగుతుంది.

ఆ తర్వాత పోయిన ఏడాది రివ్యూలో చేసిన సిఫార్సులు తీయండి. ఒక్కొక్కటి అయిందా, కాలేదా, కాకపోతే ఎవరివల్ల కాలేదు అని చూడండి. 'ట్రామా శిక్షణ పూర్తిచేయాలి' అని రాసి, ఆ ఏడాదంతా సంస్థ ఆ శిక్షణే పెట్టకపోతే ఆ లోపం కేరర్‌ది కాదు. నివేదికలో ఆ మాట అలాగే రాయాలి. కేరర్ రివ్యూ అంటే సంస్థ ఇచ్చిన సహాయం మీద కూడా రివ్యూనే అన్న సంగతి సంస్థలకు అంతగా రుచించదు.

తేదీల విషయానికొస్తే, రివ్యూ గడువుకు దాదాపు 12 వారాల ముందే అభిప్రాయాల కోసం కాగితాలు పంపితే మంచిది. కేరర్ అభిప్రాయం, ఇంట్లో ఉన్న పిల్లల అభిప్రాయం, గడిచిన ఏడాదిలో ఆ ఇంటికి పిల్లలను పంపిన ప్రతి అథారిటీ అభిప్రాయం తీసుకోవాలని నిబంధనలోనే ఉంది. ఈ చివరిది తరచుగా తప్పిపోతుంది. మార్చిలో రెండు వారాలకు వచ్చి వెళ్లిపోయిన పిల్లాడి అథారిటీని కూడా అడగాలి. ఇప్పుడు ఉన్నవాళ్లను అడిగి ఊరుకుంటే సరిపోదు.

డీబీఎస్ (నేరచరిత్ర తనిఖీ) సంగతి ఒక్క ముక్క. మూడేళ్లకోసారి కొత్తగా తీయించడం సంస్థల్లో మామూలు పద్ధతి. కేరర్లది తీస్తారు, భర్తది తీస్తారు. మొన్న జూన్‌లో 18 నిండిన వాళ్ల సొంత కొడుకుది మరిచిపోతారు. ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారో ప్రతి రివ్యూలో కొత్తగా అడిగి రాసుకోండి. పాత జాబితాను కాపీ చేయకండి.

ప్రశ్న: నేను రాసిన రివ్యూ నివేదికను ప్యానెల్ అడ్వైజర్ రెండుసార్లు వెనక్కి పంపారు. 'ఆధారాలు లేవు' అంటున్నారు. కేరర్ నిజంగా చాలా మంచివారు. ఆధారం అంటే ఇంకేం కావాలి?

జవాబు: మీరు పంపిన వాక్యాన్నే తీసుకుందాం. 'కేరర్ బిడ్డ చదువు పట్ల ఎంతో శ్రద్ధ చూపుతున్నారు, బిడ్డ సంతోషంగా ఉన్నాడు.' ఇందులో తప్పేమీ లేదు. కానీ ఏ కేరర్ గురించైనా ఏ ఏడాదైనా రాయొచ్చు. దీన్ని ఇలా మార్చి చూడండి: 'సెప్టెంబర్‌లో బడికి వెళ్లేముందు తరచూ కడుపునొప్పి అనేవాడు. కేరర్ రెండు వారాల లాగ్ (రోజువారీ రాసుకునే డైరీ) చూసుకుంటే, అది సోమ, గురువారాల్లోనే వస్తోందని తేలింది. ఆ రెండు రోజులూ పీఈ క్లాసు ఉంది. టీచర్‌తో మాట్లాడి, బట్టలు విడిగా మార్చుకునే ఏర్పాటు చేయించారు. నవంబర్ లాగ్‌లో కడుపునొప్పి మాట లేదు.' ఇందులో 'శ్రద్ధ' అనే మాట ఒక్కసారి కూడా లేదు. అయినా చదివినవాళ్లకు ఆ కేరర్ ఏమిటో తెలిసిపోతుంది.

నివేదికలో ప్రతి అభిప్రాయానికీ పక్కన అది ఎక్కడి నుంచి వచ్చిందో ఉండాలి: ఫలానా తేదీ సూపర్‌విజన్ విజిట్, ఫలానా లాగ్, స్కూల్ నుంచి వచ్చిన పీఈపీ (బిడ్డ చదువు ప్లాన్) కాగితం, పిల్ల రాసిన ఫారం. సూపర్‌వైజింగ్ సోషల్ వర్కర్ (కేరర్‌కు తోడ్పడే వర్కర్) చెప్పింది ఒకటి, లాగ్‌లో ఉన్నది ఒకటి అయితే రెండూ రాయండి. ఏది సరైందో మీరే తేల్చేసి ఒకటి దాచిపెట్టకండి. అప్రూవల్ తర్వాత 12 నెలల్లో పూర్తికావాల్సిన టీఎస్‌డీ స్టాండర్డ్స్ అనే శిక్షణ ప్రమాణాలు (బంధువులైన కేరర్లకు 18 నెలలు) ఎంతవరకు వచ్చాయో కూడా మొదటి నివేదికలో స్పష్టంగా ఉండాలి.

ఇంకో మాట. 'ఆందోళనలేవీ లేవు' అనే వాక్యాన్ని వీలైనంత తక్కువ వాడండి. ఏ ఆందోళన కోసం వెతికారో చెప్పకుండా అది దొరకలేదంటే దానికి అర్థం లేదు.

ప్రశ్న: అయిదేళ్ల పాప అభిప్రాయం ఎలా తీసుకోవాలి? ఫారంలో ఉన్న నవ్వు ముఖాలన్నీ గుండ్రం చుట్టేసి ఇచ్చింది.

జవాబు: అన్నీ చుట్టేసిందంటే ఆ ఫారం ఆ వయసుకు పనికిరాలేదని. కేరర్ పక్కన కూర్చుని నింపించిన ఫారం అయితే దాన్ని అభిప్రాయం అనుకోవద్దు. బిడ్డ సోషల్ వర్కర్‌ను అడిగి, వాళ్ల మామూలు విజిట్‌లోనే, కేరర్ లేని గదిలో, ఇంటి బొమ్మ ఒకటి గీయించమనండి. ఎవరు ఏ గదిలో ఉంటారు, రాత్రి నిద్రపట్టకపోతే ఎవర్ని లేపుతుంది, ఏడిస్తే ఎవరు వస్తారు, నచ్చని పని ఏదైనా చేస్తే ఈ ఇంట్లో ఏమవుతుంది? ఈ నాలుగు ప్రశ్నలు చాలు. నాలుగోదానికి వచ్చే జవాబును పాప మాటల్లోనే, ఒక్క అక్షరం దిద్దకుండా రాసుకోవాలి. ఫోస్టరింగ్‌లో శారీరక దండన నిషేధం. ఒక్క చిన్న దెబ్బ కూడా కుదరదు.

మాటలు రాని బిడ్డ అయితే, లేదా మరీ చిన్నదైతే, కేరర్ గదిలోకి రాగానే ఏం చేసింది, బయటికి వెళ్లగానే ఏం చేసింది అని చూసింది రాయండి. వెళ్లిపోయిన పిల్లల అభిప్రాయం కూడా విలువైనదే. వాళ్లకు ఆ ఇంట్లో ఇక భయపడాల్సింది లేదు కాబట్టి ఒక్కోసారి ఎక్కువే చెబుతారు. కేరర్ల సొంత పిల్లల్ని అడగడం మరిచిపోకండి. ఫోస్టర్ పిల్లాడు తన గదిలోకి వచ్చి ఫోన్ ఛార్జర్ ఎత్తుకుపోతున్నాడని పదకొండేళ్ల పిల్లాడు చెప్పే మాటలో, పెద్దవాళ్లు మర్యాదకు దాచే విషయం ఉంటుంది.

ప్రశ్న: మేము కేరర్లం. సోషల్ వర్కర్ ముందు చెప్పకుండా వచ్చి ఫ్రిజ్ తెరిచి చూస్తారని విన్నాం. నిజమేనా? ఇంటికి వచ్చినవాళ్లకు కాఫీ ఇవ్వడం కూడా తప్పంటారా?

జవాబు: చెప్పకుండా ఏడాదికి కనీసం ఒక్కసారైనా రావాలని నేషనల్ మినిమమ్ స్టాండర్డ్స్‌లోనే ఉంది. ఫ్రిజ్ తెరుస్తారా అంటే, అవసరమనిపిస్తే తెరుస్తారు. కానీ వాళ్లు ముఖ్యంగా చూసేది పిల్లల గదులు, మందులు తాళంలో ఉన్నాయా, లాగ్ నిన్నటివరకు రాసి ఉందా, ఇంట్లో కొత్తవాళ్లు ఎవరైనా ఉంటున్నారా అన్నవి. మూడేళ్లు దాటిన బిడ్డకు సొంత గది ఉండాలన్నది స్టాండర్డ్. వీలుకానప్పుడు గది పంచుకోవడానికి ముందే ఒప్పందం, అంచనా ఉండాలి. మీ దగ్గరికి వచ్చిన చుట్టాలు ఆ గదిలో రెండు రాత్రులు పడుకున్నా సోషల్ వర్కర్‌కు ముందు చెప్పండి. కాఫీ ఇవ్వండి, ఏం తప్పు లేదు. అది తాగినా తాగకపోయినా నివేదిక మారదు.

ప్రశ్న: ఒక కేరర్ మీద ఆరోపణ వచ్చింది. పోలీసులు విచారించి చర్య అవసరం లేదన్నారు. ఇక రివ్యూ అవసరమా? కేరర్ 'నేను నిర్దోషినని తేలింది కదా' అంటున్నారు.

జవాబు: అవసరం. ఆరోపణ వచ్చిన వెంటనే ఒక పనిదినంలోపు ఎల్ఏడీఓకు (పిల్లలతో పనిచేసేవాళ్ల మీద వచ్చే ఆరోపణలు చూసే లోకల్ అథారిటీ అధికారి) చెప్పాలి. పోలీసు విచారణా, ఎల్ఏడీఓ సమావేశాలూ ముగిశాక ఏడాది గడువు కోసం చూడకుండా రివ్యూ పెట్టాలి. పోలీసులు చూసేది నేరం రుజువవుతుందా అని. మీరు చూసేది పెంపకం ప్రమాణం. రెండింటి కొలతలు వేరు. బిడ్డను మోచేయి పట్టి మేడ మీదికి లాక్కెళ్లిన ఘటన నేరం కాకపోవచ్చు. కానీ ఆ రోజు సాయంత్రం ఏం జరిగింది, కేరర్ దాన్ని లాగ్‌లో రాశారా, మీకు ఎప్పుడు చెప్పారు, తర్వాత ఏం నేర్చుకున్నారు అన్న ప్రశ్నలు ఉంటాయి.

ఇక్కడ రెండు తప్పులు మామూలుగా జరుగుతాయి. మొదటిది, విచారణ సాగుతుండగానే రివ్యూ పెట్టడం. దానివల్ల సాక్ష్యం దెబ్బతింటుంది. రెండోది, పోలీసులు వదిలేశారని అసలు వదిలేయడం. ఆరోపణ ఎదుర్కొనే కేరర్‌కు సూపర్‌వైజింగ్ సోషల్ వర్కర్ కాకుండా స్వతంత్రంగా సహాయపడే మనిషిని చూపించాలి. అది చేయలేదంటే రివ్యూలో అడగండి. ఎందుకంటే కేరర్‌కు మీ మీద కోపం మొదలయ్యేది అక్కడే.

ప్రశ్న: రివ్యూ తర్వాత మా అప్రూవల్‌ను ముగ్గురి నుంచి ఒక్కరికి తగ్గించాలనుకుంటున్నారు. మేము ఒప్పుకోం. ఏం చేయొచ్చు? కోపంతో రాజీనామా ఇద్దామా అని కూడా ఉంది.

జవాబు: మీరు రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే ఆ మార్పు వెంటనే అమలుకాదు. ఏం చేయబోతున్నారో, ఎందుకో సంస్థ రాసి పంపాలి. ఆ కాగితం మీదున్న తేదీ నుంచి 28 రోజుల్లోపు మీకు రెండు దారులు: సంస్థకే మీ వాదన రాసి పంపడం, లేదా ఐఆర్ఎం అనే స్వతంత్ర సమీక్షకు దరఖాస్తు చేయడం. రెండూ కలిపి చేయడానికి లేదు. ఐఆర్ఎంకు వెళితే, ఆ ప్యానెల్ ఇచ్చేది సిఫార్సు మాత్రమే. తుది నిర్ణయం మళ్లీ మీ సంస్థ డెసిషన్ మేకర్‌దే.

సంస్థ ప్యానెల్‌కు విషయం వెళితే, అక్కడ కనీసం అయిదుగురు కూర్చోవాలి. వారిలో ఛైర్ గానీ వైస్ ఛైర్ గానీ ఒకరు, మూడేళ్లకు తగ్గని అనుభవం ఉన్న సోషల్ వర్కర్ ఒకరు ఉండాలి. సిఫార్సు, తుది మినిట్స్ అందాక డెసిషన్ మేకర్‌కు 7 పనిదినాలు. నోటిమాటగా మీకు 2 పనిదినాల్లో, కాగితం మీద 5 పనిదినాల్లో చెప్పాలి. ఈ తేదీలన్నీ ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి, సంస్థ ఎక్కడ ఆలస్యం చేసిందో మీకే కనిపిస్తుంది.

రాజీనామా మాత్రం రాసేముందు రెండు రాత్రులు ఆగండి. రాతపూర్వకంగా ఇచ్చి, అది సంస్థకు అందిందంటే 28 రోజుల తర్వాత మీ అప్రూవల్ దానంతటదే రద్దవుతుంది. ఆ తర్వాత సంస్థ మనసు మార్చుకున్నా, మీరు మార్చుకున్నా ఆ కాగితం వెనక్కి రాదు. మళ్లీ కావాలంటే మొదటి నుంచి అసెస్‌మెంట్ చేయించుకోవాల్సిందే.