ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌ను నిలబెట్టింది జిల్లాల జనమే

హైదరాబాద్‌లోని ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌కు సినిమా కూడలిగా ఇంత పేరు ఎలా వచ్చిందని అడిగారు. కటౌట్లు, తొలిరోజు వసూళ్లు అని చాలామంది చెబుతారు కానీ నల్లగొండవాడిగా నేను ఒప్పుకోను. సంధ్య, దేవి, సుదర్శన్ హాళ్లను ఏడాది పొడవునా పోషించింది పనుల మీద నగరానికి వచ్చే జిల్లాల జనమూ, చిక్కడపల్లి గ్రంథాలయంలోనూ అశోక్‌నగర్ కోచింగ్ కేంద్రాల్లోనూ ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలూను. కూడలి పేరు కూడా బస్సులదే. 1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో మొదలుపెట్టిన రవాణా విభాగమే తర్వాత ఆర్టీసీ అయింది, దాని కేంద్ర కార్యాలయమైన బస్ భవన్ ఆ దగ్గరలోనే ఉంది.

నేను అశోక్‌నగర్‌లో గది తీసుకుని చదువుకునే రోజుల్లో మా చిన్నాయన భూమి కాగితాల పని మీద వచ్చాడు. ఒక కార్యాలయంలో సాయంత్రం దాకా కూర్చోబెట్టి మర్నాడు రమ్మన్నారు. ఆ కోపం దిగాలని సెకండ్ షోకు తీసుకెళ్లాను. పాసుపుస్తకమూ సద్ది గిన్నే ఉన్న సంచిని ఒళ్లో పెట్టుకుని, తెర మీద బొమ్మ పడగానే, "మన చెరువు కట్టంత ఉన్నదిరా!" అన్నాడు. ఇంటర్వెల్‌లో మాట కలిపితే, ముందు వరుసలో కూర్చున్న దేవరకొండ మనిషి కూడా ఆ కార్యాలయం నుంచే వెనక్కి వచ్చినవాడని తేలింది. ఏ గుమాస్తాను ముందు కలవాలో, ఏ కాగితం నకలు ఇవ్వాలో అతను సమోసా తింటూ చెప్పిన మాటలకు చిన్నాయన సినిమా రెండో సగాన్ని సరిగా చూడనే లేదు. మర్నాడు ఇద్దరూ కలిసి వెళ్లి మధ్యాహ్నానికల్లా పని ముగించుకున్నారు.

ఆ సద్ది గిన్నెను మల్టీప్లెక్స్ గుమ్మం దాటనివ్వరు. పేలాల డబ్బాకు మాత్రం టికెట్టును మించిన ధర తీసుకుంటారు. 2020 ఫిబ్రవరి నుంచి కూడలికి మెట్రో వచ్చింది కానీ సెకండ్ షో వదిలే వేళకు అది ఉండదు. తెలుగులో తొలి 70 ఎంఎం చిత్రం 1986 నాటి ‘సింహాసనం’; ఆ ఫిలిం తిప్పే యంత్రాలు పోయి డిజిటల్ వచ్చినా 70 ఎంఎం అనే మాట ఇంకా హాళ్ల పేర్లలో మిగిలే ఉంది. సుదర్శన్ 70 ఎంఎం అయితే ఇప్పుడు లేనే లేదు. హాళ్లు వెలవెలబోవడానికి ఓటీటీలే కారణమని అందరూ అంటారు. నా లెక్కలో మాత్రం, ఉద్యోగ నోటిఫికేషన్లు ఆగిపోయి పిల్లలు గదులు ఖాళీ చేసి ఊళ్లకు మళ్లిన ఏడాదులు వాటిని అంతకన్నా ఎక్కువ దెబ్బతీశాయి.